లోకాస్ట్ కారుకు వెనుక సస్పెన్షన్, డ్రమ్ బ్రేకులు బిగించడం
బ్రిటన్‌లో ఇంటి గ్యారేజీల్లో కట్టుకునే లోకాస్ట్ కిట్ కారుకు చాలామంది పాత ఫోర్డ్ ఎస్కార్ట్ వెనుక ఇరుసును వాడతారు. ఇరుసును జాకీపై నిలిపి ట్రెయిలింగ్ ఆర్ములను (ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే కడ్డీలు), పాన్‌హార్డ్ రాడ్‌ను (ఇరుసు పక్కకు జరగకుండా ఆపే కడ్డీ), స్ప్రింగులతో కూడిన డ్యాంపర్లను (కుదుపులను అణిచేవి) ముందు వదులుగానే తగిలించాలి. కారు బరువు చక్రాలపై పడి, నడిచే ఎత్తుకు కుదురుకున్న తరువాతే రబ్బరు బుష్‌ల (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులను పూర్తిగా బిగించాలి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

తరువాత బ్రేకుల పని: పాత బ్రేకు డ్రమ్ముల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక దానిని ఊదకుండా, తడిపి తుడవాలి. ఒకవైపు పని ముగిసేవరకు రెండోవైపు విప్పకపోతే బ్రేకు స్ప్రింగుల అమరికకు అదే నమూనాగా ఉంటుంది, ఫోటోల కన్నా ఇదే నమ్మకం. అయితే అది అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి. గ్రీజు అంటిన లైనింగును (షూలపై ఉండే రాపిడి పొరను) వాడరాదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను వదులుగా ఉంచి షూలను (డ్రమ్ము లోపలి అంచుకు ఒత్తుకునే వంపు ముక్కలను) సర్ది, బ్రేకు గొట్టాల్లోని గాలి తీసిన తరువాతే కేబుల్‌ను బిగించాలి.