కొత్తగా చేరిన ఫ్యాకల్టీకి ఇది మన డిపార్ట్‌మెంట్ అనిపించాలంటే

మెడికల్ కాలేజీలో హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) అయిన కొత్తలో నేనూ ఏడాదికోసారి గెట్‌టుగెదర్ పెట్టి గ్రూప్ ఫొటో దిగితే అందరూ కలిసిపోతారనే అనుకున్నా. ఏం కలవరండి, ఫొటోలో పక్కపక్కన నవ్వినవాళ్లే మర్నాడు కారిడార్లో ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయారు.

ముందు జాయినింగ్ రోజు సంగతి. కుర్చీ, లాగిన్, తలుపు మీద పేరు ఆరోజుకే రెడీగా ఉండాలి, చిన్న విషయమే గానీ వారంపాటు ఇంకొకళ్ల టేబుల్ మూలన కూర్చున్న మనిషి దాన్ని ఏళ్లతరబడి మర్చిపోరు. తోడుగా ఓ సీనియర్‌ని పెట్టండి, కాకపోతే ఆ సీనియర్ కొత్తవాళ్ల అప్రైజల్ రాసేవాళ్లు కాకూడదు, మార్కులేసేవాళ్ల దగ్గర నాకిది రాదని ఎవరు ఒప్పుకుంటారు?

అసలు గొడవంతా మీటింగుల్లోనే. ఎమీ ఎడ్మండ్సన్ అనే రిసెర్చర్ 1990ల్లో హాస్పిటల్ టీముల్ని గమనిస్తే మంచి లీడర్ ఉన్నచోటే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి, అంటే వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, భయపడకుండా బయటికి చెప్పుకున్నారని. అందుకని మార్టాలిటీ మీటింగ్‌లో (చనిపోయిన పేషెంట్ల కేసులు చర్చించేది) మొదట మీ కేసే పెట్టండి, ఎక్కడ పొరబడ్డారో మీ నోటితోనే చెప్పండి. మిగతా చర్చల్లో మాత్రం జూనియర్లని ముందు మాట్లాడనిచ్చి మీరు ఆఖర్న మాట్లాడండి, మీరు ముందే తేల్చేస్తే ఇంక అందరూ తలూపడమే.

మనసులు విరిగే ఇంకో చోటు రిసెర్చ్ పేపర్లు. ఆథర్‌గా పేరుండాలంటే ఐసీఎంజేఈ (మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడమో దిద్దడమో, ఫైనల్ కాపీకి ఓకే చెప్పడం, పని మొత్తానికి జవాబుదారీ. నాలుగూ ఉంటేనే ఆథర్, హెచ్ఓడీ అయినంత మాత్రాన కాదు (ఇది నాకూ నచ్చలేదు మొదట్లో). పని మొదలైన రోజే పేర్లూ వరసా రాసుకోండి.

అనాటమీ, బయోకెమిస్ట్రీ వాళ్లంటే పేషెంట్లని చూసే క్లినికల్ వైపు కాస్త చిన్నచూపు ఉంటుంది, దాచుకోవడమెందుకు. బ్రాకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికెళ్లే నరాల అల్లిక) దెబ్బతిన్న కేసొస్తే అనాటమీ వాళ్లని పిలిచి పది నిమిషాలు వాళ్లతోనే చెప్పించండి, ఊరికే వెనక కూర్చోబెట్టడానికైతే పిలవొద్దు.

రాజీనామా ఇచ్చాక ఎందుకు వెళ్తున్నారని అడిగే బదులు ఆర్నెల్లకోసారి మీకిక్కడ ఏది ఇబ్బందిగా ఉందని అడగండి, విన్నవాటిలో ఒక్కటైనా నెలలోపు సరిచేయండి, కుదరకపోతే ఎందుకు కుదర్లేదో మొహంమీదే చెప్పేయండి.