ఎముకలు, కండరాలు నేర్చుకోవాలంటే ముందు మీ చెయ్యే పట్టుకోండి

ఫిజియోథెరపీలో చేరిన పిల్లలు రాగానే 206 ఎముకల పేర్లు బట్టీ పట్టడం మొదలెడతారు. నేను వద్దంటాను. అందులో 106 మణికట్లు, అరచేతులు, చేతివేళ్లు, పాదాల్లోనే ఉన్నాయి. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు చొక్కా చెయ్యి పైకి మడవండి.

మోచేతి వెనక గట్టిగా తగిలే కొస అల్నా ఎముకది. దానికి అటూ ఇటూ ఉన్న బుడిపెలు భుజం నుంచి దిగే ఎముక హ్యూమరస్‌వి. మూడింటి మీదా మూడు వేళ్లు ఆనించండి. చెయ్యి చాపితే మూడూ దాదాపు ఒకే గీత మీదికి వస్తాయి, మడిస్తే త్రికోణం అవుతుంది. కీలు జారితే ఈ అమరిక చెదిరిపోతుంది. కీలుకి కాస్త పైన హ్యూమరస్ విరిగితే మాత్రం చెదరదు. ఎక్స్‌రే చేతికి రాకముందే ఆర్థోపెడిక్ డాక్టర్లు వేళ్లతో చూసేది ఇదే. లోపలి బుడిపె వెనక మాత్రం గట్టిగా నొక్కకండి. అల్నార్ నరం అక్కడే ఉంది, చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది.

అక్కణ్ణుంచి అల్నాని తడుముకుంటూ చిటికెన వేలి వైపు మణికట్టు దాకా పోవచ్చు. బొటనవేలి వైపుది రేడియస్. అరచెయ్యి బోర్లించినప్పుడు అల్నా మీదుగా అడ్డంగా వచ్చేది అదే.

ఇక కండరాలు. కండరం లాగగలదు గానీ నెట్టలేదు. అందుకే చెయ్యి మడవడానికి ముందు వైపు బైసెప్స్, చాపడానికి వెనక ట్రైసెప్స్ కావాల్సొచ్చాయి. మోచెయ్యి సగం మడిచి, బైసెప్స్‌ని రెండో చేత్తో పట్టుకుని, బోర్లించిన అరచేతిని వెల్లకిలా తిప్పండి. మోచెయ్యి కదలకపోయినా బైసెప్స్ ఉబ్బుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేది ఈ కండరమే. రోజూ జిమ్‌లో దాన్ని పెంచే కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు.

ఇప్పుడు ముంజేతిని పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే ఆడించండి. కదలిక మీ గుప్పిట్లో తెలుస్తుంది. వేళ్లను ముడిచే పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి, వాటి టెండాన్లే, అంటే కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పట్టీలే, తాళ్లలా మణికట్టు దాటి వేళ్లకి చేరతాయి.

బొటనవేలు, చిటికెన వేలు కొసలు కలిపి మణికట్టు కొద్దిగా వంచండి. మధ్యలో లేచి కనిపించే టెండాన్ పామారిస్ లాంగస్ అనే ముంజేతి కండరానిది. ఇది కొందరికి ఒక చేతికే ఉంటుంది, కొందరికి అసలుండదు. క్లాసులో లేనివాళ్లు కాసేపు టెన్షన్ పడతారు. అక్కర్లేదు, పట్టు ఏమీ తగ్గదు. ఉన్నవాళ్లకి సర్జన్లు దాన్ని తీసి, వేరేచోట పాడైన టెండాన్‌కి బదులు వాడుకుంటారు కూడా.

చెయ్యి అయ్యాక మోకాలు. కాలు చాపి, తొడ పూర్తిగా వదులు చేసి, మోకాలి చిప్పని పక్కలకి జరపండి, కదులుతుంది. తొడ బిగించి మళ్లీ ప్రయత్నిస్తే కదలదు. తొడ ముందు కండరం టెండాన్‌లోనే ఆ చిప్ప ఇమిడి ఉంది మరి.