భార్యాభర్తల్లో ఒకరు బిజినెస్‌లో, ఒకరు ఎకానమీలో: దూరపు విమాన ప్రయాణం ఎలా చేయాలి?

ఏటా వేసవి వచ్చేసరికి మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "వదినా, ఆయనకి ఆఫీసువాళ్లు బిజినెస్ క్లాస్ ఇచ్చారు, నాది మామూలు టికెట్టే, ఏం చేయమంటావు?" అని. నేను చెప్పింది వింటారు, సరే సరే అంటారు, చివరికి వాళ్లకి తోచినట్టే చేస్తారు. ఆ తర్వాత మధ్యలో విమానం మారే ఊళ్లో ఒకరు ఒక గేటు దగ్గర, ఇంకొకరు ఇంకో గేటు దగ్గర నిలబడి నాకు వాట్సాప్ చేస్తారు. అందుకే ఒకసారి రాసి పెట్టేస్తే పోతుందని కూర్చున్నాను.

మేము హైదరాబాద్, డాలస్ మధ్య పదిహేనేళ్లుగా తిరుగుతున్నాం. మా ఆయన ఆరడుగుల రెండంగుళాలు, పైగా మోకాలికి ఆపరేషన్ అయింది. నేను ఐదడుగులు దాటి ఒక్క అంగుళం, సిటీ బస్సులో నిలబడి కూడా నిద్రపోగలను. ఎయిర్‌లైన్ ఇచ్చే మైళ్లు, అంటే పాయింట్లు, ఒక్కరిని బిజినెస్‌కి మార్చడానికే సరిపోయినప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అనే గొడవ మాకు లేదు.

1. ఎవరు ముందు కూర్చుంటారో టికెట్ కొనకముందే తేల్చుకోండి

ఐదు నిమిషాల పని ఇది. పొడుగ్గా ఉన్నవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, దిగిన మర్నాడే ఆఫీసుకి పరిగెత్తాల్సినవాళ్లు ముందు. ఎకానమీలో ఒక వరుసకీ ఇంకో వరుసకీ మధ్య 31, 32 అంగుళాలే ఉంటుంది, దాంట్లో మా ఆయన కాళ్లు ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి. మొహమాటాలు, త్యాగాలు వద్దు. త్యాగం చేసినవాళ్లు దిగాక ఆ మాట ఎత్తకుండా ఉండరు.

"సగం దూరం నువ్వు, సగం దూరం నేను" అనే ఆలోచన కూడా మానేయండి. విమానం గాల్లో ఉండగా క్లాసు మార్చి సీట్లు మార్చుకుంటామంటే సిబ్బంది చాలావరకు ఒప్పుకోరు. ఆ సీటు ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే. సమానంగా పంచుకోవాలనుంటే వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు.

పిల్లలుంటే లెక్క మారుతుంది. పిల్లలు ఏ క్లాసులో ఉంటే పెద్దవాళ్లొకరు అదే క్లాసులో ఉండాలని ఎయిర్‌లైన్స్ అడుగుతాయి. ఇక అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకైతే ఈ పద్ధతే వద్దంటాను. నాన్నగారికి మోకాళ్లు నొప్పి కదా అని ఆయన్ని ముందు కూర్చోబెట్టి, ఇంగ్లిష్ రాని అమ్మని ఒక్కదాన్నీ నలభయ్యో వరుసలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఆ డబ్బు పెట్టి ఇద్దరికీ ఎకానమీలోనే కాళ్లు చాపుకునే చోటున్న సీట్లు కొనండి, ఇద్దరికీ వీల్‌చైర్ చెప్పండి.

2. ఎక్కువ గంటలు పట్టే విమానానికే ఖర్చు పెట్టండి

శంషాబాద్ నుంచి దుబాయ్‌కో దోహాకో నాలుగు గంటలు. అక్కడి నుంచి డాలస్‌కి పదహారు గంటలు. అప్‌గ్రేడ్ రెండోదానికే. నాలుగు గంటల విమానంలో టిఫిన్ తిని కన్ను మూసేలోపు దించేస్తారు, దానికి మైళ్లు తగలేయడం దండగ. ఇంకో మాట: బాగా చవకరకం ఎకానమీ టికెట్లను చాలాచోట్ల అప్‌గ్రేడ్ చేయనివ్వరు. కొనేటప్పుడే నిబంధనలు చదవండి, కొన్నాక నాకు ఫోన్ చేసి లాభం లేదు.

"ఇద్దరూ ప్రీమియం ఎకానమీలో పోవచ్చుగా" అని అడుగుతారు. పోవచ్చు, ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య క్లాసు అది. కానీ పడుకోవడానికి అది కూడా కుర్చీయే. ఇద్దరూ సగం సగం నిద్రపోయి దిగేకన్నా ఒకరైనా పూర్తిగా పడుకుని దిగి కారు నడపడం నయం.

3. పీఎన్ఆర్‌ని మీరే దగ్గరుండి విడగొట్టించండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

ఇద్దరూ కలిసి టికెట్ కొంటే ఇద్దరికీ కలిపి ఒకే పీఎన్ఆర్ వస్తుంది, ఆ ఆరు అక్షరాల కోడ్. ఒక పీఎన్ఆర్‌లో ఉన్నవాళ్లందరూ ఒకే విమానం, ఒకే క్లాసు అన్నట్టు నడుస్తుంది ఆ సిస్టమ్. ఇద్దరిలో ఒకరినే బిజినెస్‌కి మార్చాలంటే ఆ పీఎన్ఆర్‌ని రెండుగా విడగొట్టాలి. ఒకరు పాత కోడ్‌లో ఉంటారు, ఇంకొకరికి కొత్త కోడ్ వస్తుంది. ఒకసారి విడగొట్టాక మళ్లీ కలపడం కుదరదు. పైగా మీరు అప్‌గ్రేడ్ చేసేది వెళ్లేటప్పటి ఒక్క విమానాన్నే అయినా, తిరుగు ప్రయాణం కూడా రెండుగా చీలిపోతుంది. ఈ సంగతి చాలామందికి తిరిగి వచ్చేరోజు కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

విడగొట్టడం తప్పు కాదు. మీకు తెలియకుండా జరగడమే ప్రమాదం. ఫోన్లో ఎవరో "డన్ మేడమ్" అంటారు, మీరు సంతోషంగా పెట్టేస్తారు. ఆ క్షణం నుంచి కంప్యూటర్ దృష్టిలో మీరిద్దరూ ముక్కూమొహం తెలియని ఇద్దరు ప్రయాణికులు.

మాకు జరిగింది చెప్తాను. ఓ డిసెంబరులో పొగమంచు వల్ల శంషాబాద్‌లో మూడు గంటలు ఆలస్యంగా బయల్దేరాం. దిగేసరికి డాలస్ విమానం వెళ్లిపోయింది. కంప్యూటర్ అప్పటికే మాకు వేరే సీట్లు వెతికి పెట్టింది. డెస్క్ దగ్గరి అమ్మాయి రెండు బోర్డింగ్ పాస్‌లు ప్రింట్ తీసి నవ్వుతూ చేతికిచ్చింది. మా ఆయనది ఆ ఉదయం 8:50కి. నాది మర్నాడు తెల్లవారుజామున 2:15కి. భార్యాభర్తలమమ్మా అంటే స్క్రీన్ మావైపు తిప్పి చూపించింది. ఆయన కోడ్‌లో ఆయన పేరొక్కటే ఉంది. నా పేరు రావాలంటే ఇంకో కోడ్ కొట్టాలి. నా షుగర్ మాత్రలు ఆయన బ్యాగులో, ఆయన కళ్లజోడు నా హ్యాండ్‌బ్యాగులో. గంటన్నర బతిమాలాక ఆయన బిజినెస్ సీటు వదులుకుని నాతోపాటు మర్నాటి ఎకానమీలో వచ్చారు. ఆ మైళ్లు వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

కాబట్టి ఇలా చేయండి. అప్‌గ్రేడ్ అడగడానికి ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, లేదా టికెట్ ఏజెంట్ దగ్గర కొంటే ఏజెంట్‌కి చేసి, ఈ మాటలే చెప్పండి: "మా ఇద్దరిలో ఒక్కరికే అప్‌గ్రేడ్ కావాలి. పీఎన్ఆర్ స్ప్లిట్ చేయండి. ఇద్దరం కలిసి వెళ్తున్నామని రెండింట్లోనూ టీసీపీ రిమార్క్ పెట్టండి." టీసీపీ అనేది ఏజెంట్ల భాష, ఈ రెండు బుకింగులవాళ్లూ ఒకే జట్టు అని దాని అర్థం. ఆ మాట వినగానే అవతలివాళ్ల గొంతు మారుతుంది, ఈవిడకి విషయం తెలుసన్నమాట అని. అది పెట్టినంత మాత్రాన కంప్యూటర్ మిమ్మల్ని విడదీయదని నేను హామీ ఇవ్వను. కానీ డెస్క్ దగ్గర మనిషికి అది కనిపిస్తుంది, గంటన్నర బతిమాలాల్సిన పని తప్పుతుంది.

ఫోన్ పెట్టేయకముందే కొత్త కోడ్ అడిగి అక్షరం అక్షరం రాసుకోండి. ఇద్దరి టికెట్ నంబర్లు కూడా. అవి 13 అంకెలుంటాయి, మొదటి మూడూ ఎయిర్‌లైన్‌వి: ఎమిరేట్స్ అయితే 176, ఖతార్ 157, ఎయిరిండియా 098. కోడ్ పనిచేయనప్పుడు ఈ నంబరే మిమ్మల్ని కాపాడుతుంది. అప్‌గ్రేడ్ అయ్యాక టికెట్ మళ్లీ జారీ చేస్తారు కాబట్టి కొత్త నంబర్ కూడా తీసుకోండి.

తర్వాత వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లూ విడివిడిగా తెరిచి చూడండి. విడగొట్టినప్పుడు ఏవేవో జారిపోతుంటాయి. డబ్బు కట్టి తీసుకున్న సీటు ఉందా? వీల్‌చైర్ ఉందా? పాస్‌పోర్ట్, వీసా వివరాలు ఉన్నాయా? అన్నిటికన్నా ముందు ఫోన్ నంబర్. కొత్త కోడ్‌లో ఫోన్ నంబర్ లేకపోతే విమానం ఆలస్యమని ఒకరికి మెసేజ్ వస్తుంది, ఇంకొకరికి రాదు. భోజనం కూడా చూడండి. శాకాహారం కదా అని వీజీఎంఎల్ అనే భోజనం కోడ్ పెట్టుకుంటారు చాలామంది. అది వీగన్, పెరుగు కూడా ఉండదు. మన శాకాహారానికి ఏవీఎంఎల్ పెట్టుకోవాలి. మా తోటికోడలు పదహారు గంటలు పెరుగు లేక అల్లాడిపోయింది, ఇప్పటికీ అదే చెప్తుంది. ప్రయాణానికి వారం ముందు ఇవన్నీ మళ్లీ ఒకసారి చూడండి.

"ఈ తంటా ఎందుకు, మొదటి నుంచే రెండు టికెట్లు విడివిడిగా కొంటే పోలా?" అంటాడు మా మరిది. వాడు అలాగే కొంటాడు. ఒక్కోసారి చవగ్గా వస్తుంది కూడా, ఎందుకంటే తక్కువ ధరలో ఒక్క సీటే మిగిలినప్పుడు ఇద్దరికీ కలిపి వెతికితే ఇద్దరికీ ఎక్కువ ధరే చూపిస్తుంది. అయినా నా పద్ధతే మేలు. కలిపి కొని విడగొట్టిన పీఎన్ఆర్‌లో రెండోదాని కోడ్ గుర్తుగా మిగిలి ఉంటుంది, ఏజెంట్ వెతికి చూస్తే తెలుస్తుంది. విడిగా కొన్నవాటికి ఆ బంధుత్వం ఉండదు, మీరు చెప్తే తప్ప.

అప్‌గ్రేడ్ కోసం వేలం పాట మెయిల్ వస్తుంది చూశారా, "మీకు నచ్చిన ధర చెప్పండి" అని, దాంతో ఇంకా జాగ్రత్త. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఆ పాట ఆ బుకింగ్‌లో ఉన్న అందరికీ వర్తిస్తుంది. ఒక్కరికే అనుకుని పాడితే ఇద్దరి డబ్బూ కార్డు మీద పడుతుంది. ముందు విడగొట్టండి, తర్వాత పాడండి.

ఇద్దరూ బిజినెస్ కొనుక్కున్నా, ఎయిర్‌లైనే ఒకరిని ఎకానమీకి దించేయడం వేరే కథ. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం మన దేశపు ఎయిర్‌లైన్ అలా చేస్తే, 3,500 కిలోమీటర్లు దాటిన అంతర్జాతీయ ప్రయాణానికి పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వెనక్కివ్వాలి. అడగండి, కూపన్లు తీసుకుని ఊరుకోకండి.

4. సామాను

ఎవరి మందులు వాళ్ల దగ్గరే. ఎవరి పాస్‌పోర్ట్, చార్జర్, కళ్లజోడు, ఇంటి తాళంచెవి వాళ్ల దగ్గరే. పెద్ద పెట్టెల్లో మాత్రం ఇద్దరి బట్టలూ కలిపి పెట్టండి, ఒకటి రాకపోయినా మర్నాడు కట్టుకోవడానికి ఉంటాయి. అమెరికా దారిలో ఎమిరేట్స్ లాంటి వాటిలో ఎకానమీకి 23 కిలోల పెట్టెలు రెండు, బిజినెస్‌కి 32 కిలోలవి రెండు. ఆవకాయ, గోంగూర, పచ్చడి డబ్బాలన్నీ బిజినెస్ పెట్టెలోకే. పీఎన్ఆర్‌లు విడిపోయాయి కాబట్టి మీ బరువు ఆయన లెక్కలో వేయమంటే కౌంటర్లో వినకపోవచ్చు, ఇంట్లోనే తూచుకోండి.

5. ఎయిర్‌పోర్ట్‌లో

బిజినెస్ టికెట్ ఉంది కదా అని లాంజ్‌లోకి రెండోవాళ్లని ఊరికే రానివ్వరు. క్రెడిట్ కార్డు మీద లాంజ్ ఉంటే అందులో కూర్చోండి, లేకపోతే ఇద్దరూ బయటే కూర్చుని ఇడ్లీ తినండి. ఒకరు లోపల, ఒకరు బయట కూర్చోవడం మాత్రం నాకు బొత్తిగా గిట్టదు. రేపు ఉదయం దాకా ఎలాగూ విడిగానే కదా.

6. విమానంలో

ఎకానమీలో వెనక సీటు తీసుకోండి. బోయింగ్ 777 విమానంలో తోక దగ్గర విమానం సన్నబడుతుంది కాబట్టి చాలా ఎయిర్‌లైన్స్‌లో చివరి రెండు మూడు వరుసల్లో కిటికీ పక్కన మూడుకి బదులు రెండే సీట్లుంటాయి. టాయిలెట్ దగ్గరని అందరూ వద్దంటారు. నేను పదేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాను.

వెనకవాళ్లు ముందుకి వెళ్లకూడదు. ముందున్నవాళ్లే వెనక్కి రావాలి, అది కూడా భోజనాల బండ్లు వెళ్లిపోయాక. మేము ఎక్కేముందే టైము అనుకుంటాం: భోజనం అయిన గంటకి ఒకసారి, తర్వాత నాలుగేసి గంటలకి, వెనక వంటగది దగ్గర. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది, కాబట్టి ఆయన అంత దూరం నడిచి రావడం ఆయనకీ మంచిదే. నిద్రపోతుంటే లేపకూడదు, అది ఒప్పందం. ఎమిరేట్స్ రెండంతస్తుల విమానం ఏ380లో అయితే బిజినెస్ పై అంతస్తులో ఉంటుంది, మెట్లు దిగి రావాలి. వచ్చేటప్పుడు జేబులో చాక్లెట్ తెస్తే అభ్యంతరం లేదు. గాజు గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కవాళ్ల ముందు నిలబడితే మాత్రం నేను ఆయన్ని ఎరగను.

7. దిగాక

ముందున్నవాళ్లు ముందే దిగిపోతారు. విమానం తలుపు దగ్గర నిలబడొద్దు, జనం తోసేస్తారు. ఇమిగ్రేషన్ క్యూ మొదలయ్యే చోటుకి ముందున్న టాయిలెట్ దగ్గర ఆగండి, క్యూలోకి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకే కుటుంబం కదా, అధికారి దగ్గరికి కలిసి వెళ్తే సరిపోతుంది. పచ్చళ్లున్నాయా అంటే ఉన్నాయనే చెప్పండి.

బెల్ట్ మీద బిజినెస్ పెట్టెలు ముందు వస్తాయి. ఆవకాయ వచ్చేశాక మిగతావాటి కోసం నేను పెద్దగా టెన్షన్ పడను.