రసం పీల్చే పురుగు ఏ మొక్కది? ఆతిథేయిని నిర్ధారించే పద్ధతి

తిరుపతి దగ్గరి చంద్రగిరి, మామండూరు వైపు పొలం గట్ల పొదల్లో పేరు తెలియని, రసం పీల్చే దూకే పురుగు కనబడినప్పుడు, అది వాలిన మొక్కనే దాని ఆతిథేయిగా, అంటే అది తిని పెరిగి సంతతిని పెంచుకునే మొక్కగా, రాసుకోకూడదు. రెక్కలొచ్చిన పురుగు గాలికి కొట్టుకొచ్చి ఎక్కడైనా వాలుతుంది. రెక్కలు రాని పిల్ల పురుగులు మాత్రం పుట్టిన చోటినుంచి అంత దూరం పోలేవు గనుక, వెతకవలసింది వాటినే.

లేత చిగుళ్లనూ, ఆకు అడుగున నడిమి ఈనెనూ, ఆకు కాడ కొమ్మను కలిసే మూలనూ పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలించాలి. పిల్ల పురుగులు దొరకకపోయినా, వీపు మీద నిలువునా చీలి, కాళ్లతో సహా ఆకును పట్టుకుని ఉన్న పలచని పొర కనబడితే, అది పిల్ల పురుగు విడిచిన కుబుసం. చీమల బారు కూడా మంచి ఆనవాలు; చీమ మీసాలతో తట్టినప్పుడు పురుగు వెనుక చివర తేనె బొట్టు ఉబకడం ఓపికగా చూస్తే తెలుస్తుంది. ఆకులపై పురుగులు విడిచే తియ్యని జిగురు, దానిపై పట్టే నల్లని మసి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. తేనెమంచు పురుగుతో వేగే చిత్తూరు మామిడి రైతులకు తెలిసినట్టే, ఆ జిగురు పై కొమ్మలనుంచి రాలి ఉండవచ్చు.

అసలైన పరీక్ష పెంపకమే. సాలెపురుగులు, చీమలు లేకుండా దులిపిన కొమ్మకు పలచని గుడ్డ సంచి తొడిగి, అందులో బాగా చిన్న వయసు పిల్ల పురుగులను వదిలి మూతి కట్టాలి; పోల్చడానికి పక్కనున్న వేరే జాతి మొక్కకూ ఇలాగే చేయాలి. ముదిరిన పిల్లలు తమది కాని మొక్కపైనా చివరి కుబుసం విడిచే అవకాశం ఉంది గనుక వాటిని వాడకపోవడం మేలు. సంచిలో వదిలిన చిన్న పిల్లలు రెక్కలు తొడిగి, గుడ్లు పెట్టి, ఆ గుడ్లనుంచి వచ్చిన పిల్లలు కూడా అదే మొక్కపై పెరిగితే ఇక సందేహం అక్కరలేదు.

మొక్క పేరూ అంతే జాగ్రత్తగా తేల్చాలి. ఉదాహరణకు ఎర్రచందనం, పెద్దేగి చెట్లు దగ్గరి చుట్టాలు. మొదటిదానికి ఒక్కో ఆకులో సాధారణంగా మూడు చిట్టి ఆకులుంటే, రెండోదానికి ఐదు నుంచి ఏడు ఉంటాయి. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా పురుగునుగానీ కొమ్మనుగానీ సేకరించరాదు.

అనేక జాతులను మగ పురుగు జననాంగాల ఆకారాన్నిబట్టే గుర్తించగలం కాబట్టి, మగవాటిని తప్పక 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచాలి. చీటీపై తేదీ, స్థలం, మొక్క భాగం, దొరికిన ఆధారం రాయాలి. రెక్కలొచ్చిన పురుగు ఒక్కటే దొరికితే ‘ఈ మొక్కపై వాలి ఉండగా పట్టినది’ అని మాత్రమే రాయాలి.