రిఫండ్ పంపేశామంటుంది ఐఆర్ఎస్, అకౌంట్లో మాత్రం పడలేదు: ఎక్కడ ఆగిందో కనుక్కోవడం ఎలా

అమెరికాలో ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మనవాళ్ల దగ్గర్నుంచి ఇవే మెసేజ్‌లు. "అన్నా, ఆన్‌లైన్‌లో ఫైల్ చేసి మూడు వారాలైంది, రిఫండ్ రాలేదు. ఐఆర్ఎస్‌కి ఫోన్ చేస్తే లైన్ దొరకట్లేదు." నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఫైల్ చేసిన రిటర్న్ పీడీఎఫ్ తెరిచి చూశారా? చూసి ఉండరు. ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) సైట్ రోజుకు పదిసార్లు రిఫ్రెష్ చేస్తారు, బ్యాంకు యాప్ ఇరవైసార్లు తెరుస్తారు. తమ చేతిలో ఉన్న కాగితం మాత్రం చూడరు.

కాబట్టి ఇది చదివేముందు ఆ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫారం 1040 రెండో పేజీలో లైన్ 35ఏ దగ్గర మీకు రావలసిన ఫెడరల్ రిఫండ్ ఉంటుంది. 35బి రౌటింగ్ నంబర్ (మీ బ్యాంకును గుర్తించే నంబర్), 35సి చెకింగా సేవింగ్సా అన్నది, 35డి అకౌంట్ నంబర్. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. కింద చెప్పేవాటిలో సగం వీటితోనే తేలిపోతాయి.

లక్షణం: ఐఆర్ఎస్ సైట్లోని "వేర్ ఈజ్ మై రిఫండ్" పేజీలో అసలు సమాచారమే లేదంటోంది

ఈ-ఫైల్ చేసినవాళ్లకు, ఐఆర్ఎస్ రిటర్న్‌ను యాక్సెప్ట్ చేసిన 24 గంటల తర్వాత అక్కడ సమాచారం కనిపించాలి. కనిపించలేదంటే ముందు అనుమానించాల్సింది మీరు టైప్ చేసిన అంకెల్ని. అక్కడ అడిగేది 35ఏలో ఉన్న మొత్తం. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద ఫెడరల్, స్టేట్ కలిపి చూపించిన పెద్ద అంకె అక్కడ పనికిరాదు. స్టేట్ రిఫండ్ ఆ రాష్ట్రం రెవెన్యూ శాఖ విడిగా పంపుతుంది, దాని స్టేటస్ కూడా ఆ శాఖ సైట్లోనే చూసుకోవాలి.

అంకె సరిగ్గానే ఉంటే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి స్టేటస్ చూడండి. సబ్మిట్ కావడం వేరు, యాక్సెప్ట్ కావడం వేరు. రిజెక్ట్ అయిందని ఈమెయిల్ వస్తుంది, అది ప్రమోషన్ మెయిల్స్‌లో కలిసిపోతుంది, మనం నెలరోజులు హాయిగా ఎదురుచూస్తాం. రిజెక్ట్ కావడానికి మామూలు కారణం కిందటేడాది ఏజీఐ (అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్) కలవకపోవడం. పాత రిటర్న్‌లో లైన్ 11 చూసి మళ్లీ పంపండి. అమెరికాలో మొదటిసారి ఫైల్ చేస్తున్నవాళ్లు అక్కడ సున్నా వేయాలి. కిందటేడాది రిటర్న్‌ను ఐఆర్ఎస్ ఇంకా ప్రాసెస్ చేయకపోయినా సున్నాయే.

మనవాళ్లలో ఇంకో రకం ఉంది. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యకో భర్తకో ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉండదు, దాని బదులు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబర్ ఐటీఐఎన్ కోసం ఫారం డబ్ల్యూ-7 జతచేసి జాయింట్ రిటర్న్ వేయాలి. ఇది పోస్టులో వెళ్లాల్సిన రిటర్న్. సాఫ్ట్‌వేర్‌లో అన్నీ నింపి, చివర్లో "ప్రింట్ తీసి మెయిల్ చేయండి" అన్న పేజీ చదవకుండా కిటికీ మూసేసి, ఫైలైపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. పోస్టు చేసినవాళ్లకు కూడా ఐటీఐఎన్ రావడానికే సీజన్లో 9 నుంచి 11 వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా రిఫండ్ గురించి టెన్షన్ పడి ప్రయోజనం లేదు.

లక్షణం: "రిటర్న్ రిసీవ్డ్" దగ్గరే ఆగిపోయింది

ఈ-ఫైల్ చేసిన రిటర్నులకు ఎక్కువ భాగం 21 రోజుల్లోపు రిఫండ్ ఇస్తామని ఐఆర్ఎస్ చెబుతుంది. ఆ గడువు దాటలేదంటే చేయాల్సిందేమీ లేదు. స్టేటస్ రోజుకు ఒక్కసారే, అదీ రాత్రిపూట మారుతుంది. గంటకోసారి చూసినా అదే కనిపిస్తుంది.

ఈఐటీసీ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే క్రెడిట్) గానీ అడిషనల్ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌గానీ క్లెయిమ్ చేసి ఉంటే ఈ లెక్క వర్తించదు. 2015 నాటి పాత్ చట్టం ప్రకారం ఫిబ్రవరి మధ్య వరకు మీ రిఫండ్ మొత్తాన్ని ఆపి ఉంచాల్సిందే. జనవరిలో తొందరపడి ఫైల్ చేసినా అంతే.

ఇవేవీ కాకుండా 21 రోజులు దాటితే ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ తెరవండి, మీ రిటర్న్ మీద ఏం జరిగిందో కోడ్‌లతో చూపించే రికార్డు అది. 570 కోడ్ ఉంటే రిఫండ్ హోల్డ్‌లో ఉంది, 971 ఉంటే మీకో నోటీసు వస్తోంది. ఆ నోటీసు 5071సి లాంటి ఐడెంటిటీ వెరిఫికేషన్ లెటర్ అయితే అందులో చెప్పినట్టు చేసేదాకా రిటర్న్ కదలదు, చేసిన తర్వాత కూడా 9 వారాల వరకు పట్టవచ్చు. ఇల్లు మారి పాత అడ్రస్‌తో ఫైల్ చేసినవాళ్లు ఈ లెటర్ అందక నెలలు పోగొట్టుకుంటారు. 846 కోడ్ కనిపించిందంటే డబ్బు బయలుదేరినట్టే. పక్కనున్న తేదీ రాసుకుని కింది భాగానికి రండి.

లక్షణం: "రిఫండ్ సెంట్" అని వచ్చేసింది, బ్యాంకులో మాత్రం లేదు

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే. ఇందులో దొరికిపోయినంతమంది ఇంకెక్కడా దొరకరు.

మీరు రాసుకున్న 35బి, 35డి అంకెల్ని మీ బ్యాంకు అకౌంట్‌తో పోల్చి చూడండి. కలవలేదా? గుండె ఆగినంత పనవుతుంది, ఎవరో హ్యాక్ చేశారనిపిస్తుంది. చాలాసార్లు జరిగింది అది కాదు. సాఫ్ట్‌వేర్ చివర్లో డబ్బు కట్టే పేజీలో "ఫీజును నా రిఫండ్‌లోంచి తీసుకోండి" అన్న బటన్ నొక్కారు, అంతే.

ఆ బటన్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కార్డు వెతకక్కర్లేదు, ఇప్పుడు జేబులోంచి రూపాయి తీయక్కర్లేదు. కానీ ఆ ఒక్క నొక్కుతో మీ డబ్బు ప్రయాణించే దారే మారిపోతుంది. ఐఆర్ఎస్ ఫీజు ముక్కను విడగొట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇవ్వదు. అది రిటర్న్‌లో రాసిన అకౌంట్‌కి మొత్తం పంపుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందం ఉన్న మధ్యవర్తి బ్యాంకు మీ పేరు మీద ఒక తాత్కాలిక అకౌంట్ తెరుస్తుంది. మీ 1040 మీద ఎక్కేది ఆ అకౌంట్ నంబరే. ఐఆర్ఎస్ డబ్బు అక్కడ పడుతుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ ఫీజు పోతుంది, ఇలా తీసి ఇచ్చినందుకు ఇంకో ప్రాసెసింగ్ ఫీజు పోతుంది, మిగిలింది మీ అకౌంట్‌కి వస్తుంది. ఆ రెండో ఫీజు 40 డాలర్ల చుట్టుపక్కల ఉండటం మామూలే. ఫీజు కట్టడానికి ఫీజు కట్టడమన్నమాట.

ఈ ఏర్పాటులో మోసమేమీ లేదు, చట్టబద్ధమే. మీరు ఒప్పుకున్నట్టు సమ్మతి పత్రం కూడా మీ పీడీఎఫ్ చివర్లో ఉంటుంది, "రిఫండ్ ట్రాన్స్‌ఫర్" లాంటి పేరుతో. ఎవరూ చదవరు గనుక ఎవరికీ గుర్తుండదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఐఆర్ఎస్ "సెంట్" అంటే తాత్కాలిక అకౌంట్‌కి పంపింది, దాని దృష్టిలో పని పూర్తయింది. మీరు ఐఆర్ఎస్‌కి ఫోన్ చేస్తే "పంపేశాం, మీ బ్యాంకును అడగండి" అంటారు. మీ బ్యాంకును అడిగితే "మాకు ఐఆర్ఎస్ నుంచి ఏమీ రాలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డబ్బు ఈ ఇద్దరికీ తెలియని మూడోచోట ఉంది. అక్కడికి మాత్రం ఎవరూ ఫోన్ చేయరు.

చేయాల్సింది ఇది. పీడీఎఫ్‌లోని సమ్మతి పత్రం తెరిచి మధ్యవర్తి బ్యాంకు పేరు చూడండి. టర్బోట్యాక్స్ వాడేవాళ్లకు చాలా ఏళ్లుగా కనిపించే పేరు ఎస్‌బీటీపీజీ, అంటే శాంటా బార్బరా ట్యాక్స్ ప్రొడక్ట్స్ గ్రూప్. హెచ్ అండ్ ఆర్ బ్లాక్ వాళ్లకు పాత్‌వార్డ్ అనే బ్యాంకు, పూర్వం దాని పేరు మెటాబ్యాంక్. ఇలాంటి బ్యాంకుల సైట్లలో రిఫండ్ స్టేటస్ చూసుకునే పేజీ విడిగా ఉంటుంది. ఐఆర్ఎస్ నుంచి డబ్బు వచ్చిందా, మీకు ఎంత పంపారు, ఏ తేదీన పంపారు అన్నది అక్కడ తెలుస్తుంది. సెర్చ్‌లో వచ్చిన మొదటి లింకు నొక్కకుండా, సమ్మతి పత్రంలో ఉన్న అడ్రస్‌నే టైప్ చేయండి. ఆ పేజీలో మీ ఎస్ఎస్ఎన్ ఇవ్వాలి మరి.

వాళ్ల దగ్గరికి డబ్బు చేరి ఉంటే, అక్కడి నుంచి మీ అకౌంట్‌కి రావడానికి మామూలుగా ఒకటి రెండు పనిదినాలు. శుక్రవారం ఐఆర్ఎస్ పంపితే మీకు సోమవారమో మంగళవారమో. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతకాల్సిన పేరు కూడా మారుతుంది. నేరుగా వచ్చిన రిఫండ్ "ఐఆర్ఎస్ ట్రెజ్ 310" అన్న మాటలతో పడుతుంది. మధ్యవర్తి ద్వారా వస్తే ఆ మధ్యవర్తి పేరుతో పడుతుంది. ఎస్‌బీటీపీజీ అని వచ్చిన డబ్బు ఎక్కడిదో తెలియక, ఇంకోపక్క రిఫండ్ రాలేదని గోల పెట్టేవాళ్లు ఉన్నారు. అది ఐదు రోజులుగా వాళ్ల అకౌంట్లోనే ఉంటుంది.

మధ్యవర్తికి ఇచ్చిన మీ అకౌంట్ నంబరే తప్పయితే సంగతి వేరు. డబ్బు వెనక్కి తిరిగి వెళ్లేది మధ్యవర్తి బ్యాంకు దగ్గరికి, ఐఆర్ఎస్ దగ్గరికి కాదు. అప్పుడు ఐఆర్ఎస్‌కి ఫారం 3911 పెట్టి ట్రేస్ (డబ్బు ఎక్కడికెళ్లిందో వెతికించడం) చేయించినా "విజయవంతంగా డిపాజిట్ అయింది" అనే జవాబొస్తుంది. మాట్లాడాల్సింది మధ్యవర్తితోనే, అది కూడా డబ్బు వెనక్కి వచ్చిందని వాళ్ల సైట్లో కనిపించగానే.

ఈ తాత్కాలిక అకౌంట్ ఇంకోవిధంగా కూడా ఇబ్బంది పెట్టిన సందర్భం ఉంది. 2021 జనవరిలో రెండో విడత స్టిములస్ (కోవిడ్ సాయం) డబ్బు పంపినప్పుడు, ఐఆర్ఎస్ తన దగ్గరున్న పాత రిటర్న్‌లోని అకౌంట్ నంబర్లనే వాడింది. ఫీజును రిఫండ్‌లోంచి కట్టిన ఎంతోమందికి ఆ నంబర్ అప్పటికే పనిచేయని తాత్కాలిక అకౌంట్‌ది. దానితో డబ్బు దారి తప్పి, మళ్లీ సరిచేసి పంపాల్సివచ్చింది. ఒక్క క్లిక్కుతో రిటర్న్ మీద ఎక్కిన నంబర్ ప్రభుత్వం రికార్డులో అలా ఉండిపోతుంది.

ఒకసారి రిటర్న్ యాక్సెప్ట్ అయ్యాక ఈ ఏర్పాటును మార్చలేరు. రిజెక్ట్ అయితే మాత్రం మళ్లీ పంపేముందు చెల్లింపు పేజీకి వెళ్లి కార్డుకి మార్చుకోవచ్చు, అది అదృష్టమనుకోండి. "ఐదు రోజుల ముందే రిఫండ్" అంటూ వచ్చే ఆఫర్లు చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి, వేరే పేరుతో.

లక్షణం: డబ్బు వచ్చింది, కానీ తక్కువగా

ముందు పై లెక్క వేయండి: 35ఏ లోంచి సాఫ్ట్‌వేర్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు తీసేస్తే సరిపోయిందా? పది మందిలో ఎక్కువమందికి ఇక్కడే సరిపోతుంది.

సరిపోకపోతే రెండు దారులు. రిటర్న్‌లో లెక్క తప్పుంటే ఐఆర్ఎస్ దిద్ది సీపీ12 నోటీసు పంపుతుంది. చదివి, ఒప్పుకుంటే వదిలేయండి. లేదా ట్రెజరీ ఆఫ్‌సెట్: చైల్డ్ సపోర్ట్, స్టేట్ ట్యాక్స్ బాకీ, ఇంకొన్ని ప్రభుత్వ బాకీల కింద కోసేసి ఉత్తరం పంపుతారు. ఆ బాకీ గురించి వాదించాల్సింది అది ఎవరికి ఉందో వాళ్లతో. బాకీ మీ జీవితభాగస్వామిది మాత్రమే అయితే మీ వాటా కోసం ఫారం 8379 ఉంది. ఆఫ్‌సెట్‌తో రిఫండ్ మొత్తం పోతే సాఫ్ట్‌వేర్ ఫీజు మాఫీ అయిందనుకోకండి. కొన్ని కంపెనీలు దాన్ని మీ బ్యాంకు అకౌంట్‌లోంచి లాక్కునేలా అదే సమ్మతి పత్రంలో రాసుకుని ఉంటాయి.

లక్షణం: 35బి, 35డి నంబర్లు మీరిచ్చినవే, కానీ తప్పు

మధ్యవర్తి లేకుండా నేరుగా ఐఆర్ఎస్‌కి ఇచ్చిన నంబర్ తప్పయితే సంగతి ఇది. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు వైర్ రౌటింగ్ నంబర్ వేయడం. ఇండియా నుంచి డబ్బు తెప్పించుకోవడానికి ఎప్పుడో దాచుకున్న నంబర్ అది. చాలా బ్యాంకుల్లో వైర్‌కి ఒకటి, డైరెక్ట్ డిపాజిట్‌కి ఒకటి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డిపాజిట్ అని రాసి ఉన్నదే వేయండి. డెబిట్ కార్డు మీది 16 అంకెలు అకౌంట్ నంబర్ కాదని కూడా చెప్పాల్సి రావడం నా ఖర్మ.

ఆ నంబర్‌తో అకౌంటే లేకపోయినా, మూసేసినా బ్యాంకు డబ్బును ఐఆర్ఎస్‌కి తిప్పి పంపేస్తుంది. ఇదివరకైతే తర్వాత రిటర్న్‌లోని అడ్రస్‌కి చెక్కు వచ్చేది. 2025 సెప్టెంబర్ 30 నుంచి పేపర్ చెక్కుల్ని దశలవారీగా తగ్గిస్తున్నారు, కాబట్టి సీపీ53ఇ నోటీసు వస్తే ఆన్‌లైన్ అకౌంట్‌లో కొత్త బ్యాంకు వివరాలు వెంటనే ఇవ్వండి. ఉద్యోగం అయిపోయి ఇండియా వెళ్లిపోయేవాళ్లకు మరీ ముఖ్యం: డైరెక్ట్ డిపాజిట్ అమెరికా బ్యాంకులకే వెళ్తుంది. ఆఖరి రిఫండ్ చేతికొచ్చేదాకా ఒక్క అకౌంట్ అయినా తెరిచి ఉంచండి. ఒక్క అంకె తప్పి ఆ నంబర్ ఇంకెవరిదో అయితే, ముందు ఆ బ్యాంకును పట్టుకోండి, తర్వాత ఫారం 3911. ఆ డబ్బు తిరిగివ్వమని బ్యాంకును ఐఆర్ఎస్ బలవంతపెట్టలేదు, కాబట్టి ఆలస్యం చేయకండి.

అరుదైనవి

ఒకే అకౌంట్‌లోకి ఒక ఏడాదిలో మూడు రిఫండ్లే డిపాజిట్ అవుతాయి. రూమ్మేట్లంతా ఒకరి అకౌంట్ నంబర్ ఇస్తే నాలుగోవాడిది ఆగిపోతుంది, అసలు ఇంకొకరి అకౌంట్ ఇవ్వడమే తప్పు. సవరించిన రిటర్న్ 1040-ఎక్స్ అయితే దాని స్టేటస్ చూసే పేజీ వేరే, 8 నుంచి 12 వారాలు మామూలు, 16 కూడా కావచ్చు. ఫారం 8888తో రిఫండ్‌ను రెండు మూడు అకౌంట్లకు పంచినవాళ్లు ఒక్క అకౌంటే చూసి కంగారు పడుతుంటారు, మిగతావి కూడా తెరిచి చూసుకోండి.