బెంగళూరు జక్కూరులో విమానం నేర్చుకుంటున్నారా? ఏఎన్‌ఆర్ హెడ్‌సెట్ ఇలా వాడండి

ఏఎన్‌ఆర్ అంటే యాక్టివ్ నాయిస్ రిడక్షన్, హోరును తగ్గించే ఏర్పాటు. ఈ హెడ్‌సెట్ కప్పు లోపల చిన్న మైకు ఉంటుంది. అది ఇంజిన్, ప్రొపెల్లర్ల హోరును పట్టి, దానికి ఎదురు తరంగాన్ని స్పీకర్లోంచి వదులుతుంది. ఈ కిటుకు మంద్రంగా ఉండే హోరు మీదే బాగా పనిచేస్తుంది. గాలి రొద లాంటి పైస్థాయి శబ్దాలను ఆపాల్సింది చెవి చుట్టూ అతుక్కునే సీలే. అందుకే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా లావు కాడల కళ్లజోడు మీద పెడితే తేలిపోతుంది. సీల్ కింద సందు పడితే కొన్నిట్లో దబ్‌దబ్‌మని చెవిలో కొట్టుకుంటుంది కూడా. కాడలు పలుచగా ఉన్న ఫ్రేము వాడండి, టోపీ అంచు సీల్ కిందికి రానివ్వకండి.

వాల్యూం తగ్గించి జాకులు పెట్టండి. శిక్షణ విమానాల్లో మామూలుగా రెండుంటాయి: లావుది వినడానికి, కాస్త సన్నది మాట్లాడే మైకుకు. లోపలికి పూర్తిగా దిగేదాకా నొక్కండి. తీసేటప్పుడు వైరు పట్టి లాగితే లోపల టంకం ఊడుతుంది. ఒక చెవిలోనే వినబడుతుంటే రిపేరుకు పరిగెత్తకండి, ముందు స్టీరియో స్విచ్చును మోనోకి మార్చి చూడండి. మైకు పెదవుల మూలకు ఆరు మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలి. దూరం జరిగితే టవర్‌కు మీ మాట కన్నా ఇంజినే ఎక్కువ వినబడుతుంది.

అసలు జాగ్రత్త వేరే ఉంది. హోరుతో పాటు వినాల్సిన శబ్దాలు కూడా తగ్గుతాయి. సెస్నా 172 విమానంలో స్టాల్ (రెక్కలు పైకెత్తే బలాన్ని కోల్పోవడం) హెచ్చరిక ఇంటర్‌కాంలోంచి రాదు. ఎడమ రెక్క అంచు దగ్గరున్న రంధ్రం గాలిని పీల్చుకుంటే పీక మోగుతుంది, అంతే. అందుకే స్టాల్ సాధన రోజున ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగానే, ఏఎన్‌ఆర్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి ఆ పీకను వినండి. ఎగిరేముందు ఇంజిన్‌ను పరీక్షించే రనప్‌లోనూ అదే పని చేయండి, ఇంజిన్ శబ్దం వినబడే తీరులో తేడా తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ కొంటే బీప్‌తో పాటు లైటు కూడా వెలిగేది కొనండి. గాల్లో బ్యాటరీ అయిపోతే రేడియో మూగబోదు. చాలా హెడ్‌సెట్లలో మోత పెరుగుతుందంతే. రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో ఉండగా బ్యాటరీలు మార్చే పని పెట్టుకోవద్దు.

దిగాక చెమటను తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరాకే సంచిలో పెట్టండి. చెన్నై ఉక్కలో ఎగిరేవారికి ఇది మరీ ముఖ్యం. సీల్ మీద స్పిరిట్, శానిటైజర్ వద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది. నొక్కితే మళ్లీ ఉబ్బని సీల్‌ను మార్చేయడమే. జాకులు గరగరమంటే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ చాలు, గరుకు కాగితం ముట్టొద్దు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో హెడ్‌సెట్‌ను గ్లేర్‌షీల్డ్ (అద్దం కింద డ్యాష్‌బోర్డు పైభాగం) మీద వదలకండి.

కొన్ని వారాలు ఎగరకపోతే బ్యాటరీలు తీసేయండి. ఆల్కలైన్ సెల్ కారి స్ప్రింగుకు తెల్లటి పొక్కు కడితే, వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తవి వేయండి.