వానలు దిగకముందే షెడ్డు సర్దుకోండి: ఇంట్లో టిగ్ నేర్చుకునేవారికి జాగ్రత్తలు

టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కొసతో ఆర్కు వెలిగించి, చుట్టూ ఆర్గాన్ గ్యాసు కప్పి చేసే వెల్డింగ్) చూడ్డానికి చాలా నెమ్మదైన పని. రాడ్డు వెల్డింగులా చిటపటలుండవు, పొగ కమ్ముకోదు, రవ్వలు ఎగిరి చొక్కా మీద పడవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పొగ అడ్డం లేదు కనుక ఆర్కులోని అల్ట్రావయొలెట్ కిరణాలు నేరుగా వచ్చి కొడతాయి. ఆర్గాన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. కరెంటు చెమట పట్టిన చేతిలోంచి చడీచప్పుడు లేకుండా దారి చూసుకుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు మృగశిర కార్తె మొదలుకొని అక్టోబరు తుఫాన్ల దాకా గాలి నిండా తేమే. జల్లు కొట్టగానే షెడ్డు తలుపు మూసేస్తాం. తలుపు తీసి ఉన్నప్పుడు చెల్లిపోయిన ప్రతి అజాగ్రత్తా తలుపు మూశాక మీద పడుతుంది. అందుకే కింద చెప్పే పనులన్నీ రోహిణి కార్తెలోనే, నేల పొడిగా ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి.

ముందు కరెంటు సంగతి

మెషీన్ ప్లేటు మీద ఇంగ్లిషు 'యు' పక్కన చిన్న సున్నా వేసి ఒక అంకె ఉంటుంది. ఆర్కు వెలగనప్పుడు చేత్తో పట్టుకుని వెల్డు చేసే టార్చికి, వెల్డు చేసే ముక్కకు తగిలించే ఎర్తు క్లాంపుకి మధ్య నిలబడి ఉండే వోల్టేజి అది. చాలా మెషీన్లలో 60 నుంచి 80 వోల్టులు. పొడి చర్మానికి అది పెద్దగా తెలియదు. చెమటతో నానిన గ్లౌజు, తడి సిమెంటు నేల, ఒట్టి కాళ్లు కలిస్తే ప్రాణం తీయగలదు. చాలామంది ఎర్త్ లీకేజి బ్రేకరు పెట్టించి నిశ్చింతగా ఉంటారు. ఆ బ్రేకరు, అంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, తప్పకుండా పెట్టించాల్సిందే, కానీ అది కాపాడేది గోడ వైపు షాకు నుంచి మాత్రమే. టార్చి వైపు కరెంటు మెషీన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మెయిన్స్ నుంచి వేరైపోతుంది. అటు మీకు షాకు తగిలినా ఆ బ్రేకరుకి తెలియదు, పడదు. టార్చి వైపు మిమ్మల్ని కాపాడేవి పొడి గ్లౌజు, పొడి బూటు, కాళ్ల కింద పొడి చెక్క మాత్రమే.

మన దగ్గర వెల్డర్లకు నేల మీద గొంతుక్కూర్చుని, మోకాలు జాబుకు (వెల్డు చేసే ముక్కకు) ఆనించి పని చేసే అలవాటుంది. వానాకాలంలో దాన్ని మానుకోవాలి. మూడడుగుల ప్లైవుడ్ ముక్క గానీ రబ్బరు మ్యాట్ గానీ వేసి, దాని మీద స్టూలు వేసుకుని, బల్ల మీద జాబు పెట్టండి. గ్లౌజులు రెండు జతలు ఉంచుకోండి. ఒకటి చేతికి, ఒకటి ఆరడానికి. టంగ్‌స్టన్ మార్చేటప్పుడు టార్చి స్విచ్చి వదిలేస్తే చాలనుకోకండి, మెషీన్ స్విచ్చే ఆపండి. టార్చి వెనక క్యాపు విప్పి, టంగ్‌స్టన్‌ను పట్టి ఉంచే కొలెట్ వదులు చేసి, తడి వేళ్లతో టంగ్‌స్టన్ కొస పట్టుకున్న క్షణంలో కాలు ఆర్కు వెలిగించే పెడల్ మీద పడితే ఏమవుతుందో ఊహించండి. హెచ్‌ఎఫ్ స్టార్టు (టంగ్‌స్టన్ ముక్కకు తాకకుండానే హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో ఆర్కు వెలిగించే పద్ధతి) ఉన్న మెషీన్ అయితే పైగా చర్మానికి సూదిబెజ్జంలాంటి కాలుడు కూడా. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా అలాంటి మెషీన్ దరిదాపులకు రాకూడదు.

వైరింగు లెక్క ఇలా చూసుకోండి. 100 ఆంపియర్ల దగ్గర పని చేసే చిన్న ఇన్వర్టర్ టిగ్ మెషీన్, 230 వోల్టుల సింగిల్ ఫేజులో గోడ నుంచి సుమారు 11, 12 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ దాన్ని మోస్తుంది. అదే మెషీన్‌ను 200 దాకా తిప్పితే దాదాపు 28 ఆంపియర్లు. దానికి మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ కావాలి. సాయంత్రం పూట పల్లెల్లో వోల్టేజి 170కి జారినప్పుడు మెషీన్ తక్కువ కరెంటు లాగుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి ఎక్కువ లాగుతుంది, వైరు వేడెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ వాడితే మూడు తీగలున్నదే వాడండి, చుట్ట మొత్తం విప్పి పరవండి.

ఎర్తు పిట్టు మాట వేరే చెప్పాలి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇసుక నేలలో ఎర్తు నిలవడం కష్టం. ఎండాకాలంలో ఆ ఇసుక పూర్తిగా ఎండి కరెంటును తీసుకోదు. ఉప్పు, బొగ్గు వేసి పిట్టు కట్టించి, వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి కొలిపించాకే మెషీన్ ప్లగ్గు పెట్టండి.

ఎవరికైనా షాకు తగిలి పట్టుకుపోతే ముందు మెయిన్ ఆపాలి. మనిషిని ముట్టుకోకూడదు. మెయిన్ అందకపోతే ఎండిన కర్రతో నెట్టి, 108కి ఫోను చేయాలి. ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పి, మెయిన్ ఎక్కడుందో చూపించి ఉంచండి.

కళ్లు

ఆర్కు తగిలిన వెంటనే ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సరిగ్గా నిద్రపట్టే వేళకి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. 'వెల్డింగ్ కొట్టింది' అనేది దీన్నే. చనుబాలు పోయడం, బంగాళాదుంప చక్రాలు పెట్టడం ఊళ్లలో ఇంకా ఉంది. దెబ్బ తిన్న కంటిపొర మీద శుభ్రంగా లేనిదేదీ పడకూడదు, చీము పడుతుంది. చల్లటి తడి గుడ్డ మూసిన రెప్పల మీద వేసి, చీకటి గదిలో పడుకుని, తెల్లారగానే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. తిమ్మిరి చుక్కలు తెచ్చి మాటిమాటికీ వేసుకోవడం మరీ తప్పు. నొప్పి పోతుంది గానీ పొర మానడం ఆలస్యమవుతుంది. ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, ఉద్దానం అంతటా కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. కంటి మంటకో మెడ నొప్పికో షాపులో నొప్పి బిళ్లలు అడిగి మింగేయకండి, అవి కిడ్నీల మీద పడతాయి. షెడ్డులో ఉక్కకు దప్పిక వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి.

హెల్మెట్ అద్దం నలుపును చెప్పే నంబరు షేడ్. 50 ఆంపియర్ల లోపు షేడ్ 10, 100 చుట్టుపక్కల 11, ఆపైన 12 పెట్టుకోండి. ఆర్కు వెలగగానే అద్దం తనంతట నల్లబడే ఆటో హెల్మెట్లలో చవకవి కొన్ని 30 ఆంపియర్ల లోపు టిగ్ ఆర్కును గుర్తుపట్టలేక మధ్యలో తెల్లబడిపోతాయి. సెన్సిటివిటీ పూర్తిగా పెంచి, నాలుగు సెన్సార్లున్నది తీసుకోండి. జాబు వెనక్కి వంగి చూసేటప్పుడు పైపు అడ్డొచ్చి సెన్సారు మూసుకుపోయినా అదే జరుగుతుంది.

హెల్మెట్ పెట్టుకున్నా కళ్లు పోగొట్టుకునే దారి ఒకటుంది. కొత్త రేకుల షెడ్డులో వెల్డింగు వెలుగు వెనక రేకుకు తగిలి, మీ తల వెనక నుంచి హెల్మెట్ లోపలికి దూరి, అద్దం లోపలి వైపు నుంచి కంట్లోకి తిరిగి పడుతుంది. తలుపు మూసిన రోజు ఇది రెట్టింపు. వెనక రేకులకు మెరుపు లేని ముదురు రంగు వేయండి, లేదా మందపాటి కాన్వాసు గుడ్డ కట్టండి. నీలం పాలిథిన్ పట్టా వద్దు. అది వెలుగును పూర్తిగా ఆపదు, నిప్పు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. షెడ్డు వాకిట్లో తొంగిచూసే వీధి గుంటలకు హెల్మెట్ ఉండదు, వాళ్ల కోసం వాకిలికి అడ్డుతెర తప్పదు.

బట్టల సంగతి తేలికే. మందపాటి నూలు ఫుల్ చేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు, ప్యాంటు, తోలు బూట్లు. లుంగీ, చెప్పులు, పాలిస్టర్ వద్దు. మెడ కింద విడిచిపెట్టిన చోట పది నిమిషాల్లోనే ఎండదెబ్బలా కమిలిపోతుంది.

గాలి, గ్యాసు, పొగ

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గదిలో సుమారు 22 ఘనమీటర్ల గాలి ఉంటుంది. పెద్ద ఆర్గాన్ సిలిండర్‌లో నిండుగా 7 ఘనమీటర్ల గ్యాసు. తలుపులు మూసిన గదిలో అదంతా లీకయితే గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 15 దగ్గరికి పడిపోతుంది. ఆర్గాన్ గాలి కంటే బరువు, కాబట్టి నేల దగ్గర ఇంకా తక్కువ. ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి ఊరికే తూలి పడిపోతాడు. సిలిండర్ ఉన్న గదిలో రాత్రి చాప వేసుకుని ఎవరూ పడుకోకూడదు. పని అయ్యాక సిలిండర్ వాల్వే మూయండి, రెగ్యులేటర్ నాబ్ తిప్పితే చాలదు. నిమిషానికి ఒక్క లీటరు కారినా పెద్ద సిలిండర్ అయిదు రోజుల్లో ఖాళీ.

లీకు పట్టడానికి సర్ఫు నురగ చాలు. రెగ్యులేటర్ నట్టు, గొట్టం చివర్ల క్లిప్పులు, టార్చి మెడ దగ్గర బ్రష్‌తో పూసి, కళ్లు దగ్గర పెట్టి అర నిమిషం చూడండి. పెద్ద లీకు బుస్సుమంటుంది, అది సులువు. చిన్న లీకు ఆవగింజంత బుడగను నెమ్మదిగా ఊది, పగిలిపోయి, మళ్లీ ఊదుతుంది. మీ వెల్డు నల్లబడి గుంతలు పడటానికి కారణం ఆ ఆవగింజే కావచ్చు. సిలిండర్‌ను గోడకు గొలుసుతో నిలువునా కట్టాలి. నిండు సిలిండర్‌లో సుమారు 150 బార్ ఒత్తిడి ఉంటుంది. పడి వాల్వు విరిగితే గోడ కూడా ఆపలేదు. బండి మీద అడ్డంగా పెట్టి, క్యాపు లేకుండా తేవడం మన రోడ్ల మీద రోజూ కనబడుతుంది. అలా తేవద్దు.

ఉక్కపోతకు ఫ్యాను పెడితే ఆర్గాన్ కొట్టుకుపోతుంది. ఎండుటాకు కదిలేంత గాలి ఆర్కు మీద తగిలినా వెల్డులో గుంతలే. ఫ్యాను ఆపితే పొగ, ఓజోన్ నిలిచిపోతాయి. దీనికి దారి, తలుపుకు ఎదురు గోడ పైభాగంలో ఎగ్జాస్టు ఫ్యాను బిగించడం. గాలి తల మీదుగా పోవాలి, బల్ల మీదుగా కాదు. ఇది వానలకు ముందే చేయించుకోవాల్సిన పనుల్లో మొదటిది.

జీఐ పైపు, జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుము) మీద నేర్చుకోకండి. జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఇనుము కరగాలంటే 1500 కావాలి. అంటే ఇనుము కరిగేలోపు జింకంతా తెల్లటి పొగై మీ ముక్కులోకి వస్తుంది. కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు మొదలై, ఒకట్రెండు రోజులుంటాయి. మలేరియా అనుకుని తిరిగేవారున్నారు. పాలు తాగితే, బెల్లం తింటే పొగ ఏమీ చేయదన్నది ఉత్తమాట. తప్పదనుకుంటే అతుకు రెండు వైపులా రెండంగుళాల మేర పూత గ్రైండ్ చేసి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. చేతిరుమాలు ఆపదు. బుడితి ఇత్తడి చెంబు చిల్లు పడిందని ఎవరైనా తెచ్చినా టార్చి ముట్టించకండి, ఇత్తడిలోనూ జింకే. అలాంటివి ఇత్తడి పనివాళ్లకే ఇవ్వాలి.

జాబు తుడవడానికి అసిటోన్ వాడండి, ఆరాక ఆర్కు వేయండి, సీసా మూత బిగించి గది బయట పెట్టండి. బ్రేకు క్లీనర్ స్ప్రేలు మాత్రం షెడ్డులోకే రానివ్వకండి. వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు ఆర్కు వేడికి, కిరణాలకు ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. జాబు మీద కాస్త తడి మిగిలినా చాలు, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఈ గైడులో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

టంగ్‌స్టన్ కొనేటప్పుడు ఎర్ర కొస ఉన్నది వద్దు. దానిలో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం. గ్రైండ్ చేసిన ధూళి లోపలికి పోకూడదు. నీలం గానీ బంగారు రంగు గానీ కొస ఉన్న లాంథనేటెడ్ రకం తీసుకోండి. దాని కొస చెక్కడానికి విడిగా ఒక గ్రైండింగ్ వీల్ కేటాయించండి, ఇనుము అరిగించిన వీల్ మీద పెట్టొద్దు. గీతలు పెన్సిల్ చెక్కినట్టు పొడవునా పడాలి. అడ్డంగా పడితే ఆర్కు అటూ ఇటూ తిరుగుతుంది. గ్రైండర్ రవ్వలు పడే దిక్కున కొబ్బరి పీచు, గోనె సంచులు, జీడిపిక్కల బస్తాలు లేకుండా చూడండి. పని ఆపాక అరగంట అక్కడే ఉండండి.

మొదటి ముక్కలు

2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు పట్టీ, తుప్పు, నల్లపొర పోయి తెల్లగా మెరిసేదాకా గ్రైండ్ చేసి తీసుకోండి. 70 ఆంపియర్లు, 1.6 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్, టార్చి మూతికి 6 నంబరు కప్పు, ఆర్గాన్ నిమిషానికి 7, 8 లీటర్లు, అతుకులో కరిగించి నింపడానికి 1.6 మిల్లీమీటర్ల ఈఆర్ 70ఎస్-2 ఫిల్లరు రాడ్డు. టార్చి మైనస్‌కి, ఎర్తు క్లాంపు ప్లస్‌కి. తిరగేస్తే టంగ్‌స్టన్ కొస క్షణంలో ఉండలా కరుగుతుంది. ఆర్కు ఆపాక ఏడు సెకండ్లు గ్యాసు వచ్చేలా పోస్ట్‌ఫ్లో పెట్టి, అది ఆగేదాకా టార్చి కదపకండి. అల్యూమినియం గిన్నెలు తెచ్చే చుట్టాలకు డీసీ మెషీన్‌తో అది అవదని చెప్పేయండి. మెషీన్‌ను పది నిమిషాల్లో ఆరు నిమిషాలకు మించి పని చేయించకండి. ఉక్కలో ఇంకా తగ్గించండి.

తుఫాను కబురు వస్తే

2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు చివర్లో కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. కబురు అందగానే ప్లగ్గు పీకేయండి, స్విచ్చి ఆపితే చాలదు. లైను తిరిగొచ్చే మొదటి గంటల్లో వోల్టేజి ఎగిసిపడుతుంది. మెషీన్‌ను మూడడుగుల ఎత్తున పెట్టండి. సిలిండర్‌కు రెగ్యులేటర్ తీసి, క్యాపు బిగించి, రెండు గొలుసులు వేయండి. ఫిల్లరు రాడ్లను రెండంగుళాల పీవీసీ గొట్టంలో పెట్టి రెండు వైపులా క్యాపులు బిగిస్తే తుప్పు పట్టవు.

నీళ్లు మెషీన్‌లోకి పోతే ఎండబెట్టి ప్లగ్గు పెట్టే సాహసం చేయకండి. కవరు మీరు విప్పకండి, లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా పట్టుకుని ఉండొచ్చు. మెకానిక్‌కు ఇవ్వండి.

మెషీన్ తడవకపోయినా, ముసురు తగ్గాక మొదటిరోజు గొట్టంలోంచి అర నిమిషం గ్యాసు వదిలి, చెత్త ముక్క మీద ఒక ఆర్కు వేసి, పోస్ట్‌ఫ్లో ఆగాక టంగ్‌స్టన్ కొస చూడండి. వెండిలా తెల్లగా ఉంటే పని మొదలుపెట్టవచ్చు. నీలంగానో నల్లగానో ఉంటే ఎక్కడో గాలి దూరుతోంది. ముందుగా టార్చి వెనక క్యాపు విప్పి, దాని అడుగున ఉండే చిన్న రబ్బరు రింగు పగిలిందేమో చూడండి. తేమకు, వేడికి మొదట పోయేది అదే.